ఉడతల గద్ద: మన చలికాలపు చిన్న అతిథి

ఆకాశంలో చక్కర్లు కొట్టే పెద్ద పక్షి ఏదైనా మనకు గద్దే. కానీ అక్టోబరు నుంచి మార్చి దాకా మన పొలాల మీద, చెరువుగట్ల మీద ఎగిరే వాటిలో ఒక చిన్న ఈగిల్ కూడా ఉండవచ్చు. అదే బూటెడ్ ఈగిల్. కాళ్లకు వేళ్ల దాకా ఈకలు ఉండి బూట్లు తొడుక్కున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. 19వ శతాబ్దపు పక్షిశాస్త్ర గ్రంథాల్లో దీనికి 'ఉడతల గద్ద' అనే చక్కని తెలుగు పేరు నమోదై ఉంది.

గుర్తింపు ఎలా?

ఖాతా తెరవాలంటే మనం కేవైసీ అడుగుతాం కదా! ఈ పక్షికీ అలాంటి గుర్తింపు వివరాలు ఉన్నాయి. బరువు సుమారు 700 గ్రాముల నుంచి కిలో వరకు, రెక్కలు చాపితే నాలుగు అడుగుల పైచిలుకు. అంటే దాదాపు మామూలు గద్దంతే. మగదానికంటే ఆడది పెద్దది.

ఇది రెండు రంగుల్లో కనిపిస్తుంది. లేతరంగు పక్షికి కింది నుంచి చూస్తే ఒళ్లు, రెక్కల ముందుభాగం తెల్లగా, రెక్కల వెనుక అంచు నల్లగా ఉంటాయి. ముదురురంగుది ఒళ్లంతా గోధుమరంగే. దాన్ని చూసి మామూలు గద్ద అని పొరబడటం సులువు. అప్పుడు తోక చూడండి. గద్ద తోక చివర చీలినట్టు ఉంటుంది, దీనిది తిన్నగా ఉంటుంది. పక్షి ఎదురుగా వస్తుంటే మెడ పక్కన, రెక్క మొదలయ్యే చోట రెండు తెల్లటి మచ్చలు హెడ్‌లైట్లలా కనిపిస్తాయి. రంగు ఏదైనా ఈ మచ్చలు ఉంటాయి.

జీవనం

స్పెయిన్ నుంచి మధ్య ఆసియా దాకా అడవుల్లో, కొండల్లో గూళ్లు కడుతుంది. మన హిమాలయ ప్రాంతాల్లోనూ కొద్దిగా గూళ్లు పెడుతుంది. సాధారణంగా రెండు గుడ్లు. చలి మొదలవగానే కొన్ని ఆఫ్రికాకు, కొన్ని మన దేశానికి వలస వస్తాయి. ఎత్తున తిరుగుతూ, ఎర కనబడగానే రెక్కలు ముడిచి రాయిలా కిందికి దూకుతుంది. పావురాలు, చిన్న పక్షులు, బల్లులు, ఎలుకలు, ఉడతలు దీని ఆహారం. ఒక్కోసారి జంటగానూ వేటాడుతుంది.

రక్షణ

ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఈ జాతికి ఇప్పట్లో అంతరించే ముప్పు లేదు. అలాగని నిశ్చింతగా ఉండలేం. గూడు కట్టే అడవులు తగ్గడం, కరెంటు స్తంభాల మీద వాలి షాక్ తగలడం, విషం పెట్టిన ఎరలు తినడం, వలస దారుల్లో వేట దీన్ని దెబ్బతీస్తున్నాయి. ఒక దేశం కాపాడినా ఇంకో దేశం పట్టించుకోకపోతే ఫలితం ఉండదు. అందుకే వలస వేటపక్షుల రక్షణకు దేశాలు చేసుకున్న అంతర్జాతీయ అవగాహన ఒప్పందంపై భారత్ 2016లో సంతకం చేసింది.

మన ఇంటి నుంచి చేయగలిగింది కూడా ఉంది. ఈ పక్షి మన దగ్గర ఉండే రోజుల్లోనే సంక్రాంతి వస్తుంది. గాజుపొడి పూసిన నైలాన్ మాంజా ఎగిరే పక్షి రెక్కను కోసేస్తుంది. పండుగ అయిపోయాక కూడా చెట్లకు, తీగలకు చిక్కుకుని నెలల తరబడి ఉరితాడులా వేలాడుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా ఇలాంటి మాంజాను నిషేధించింది. అయినా చాటుమాటుగా అమ్ముతూనే ఉన్నారు. పిల్లలకు మామూలు నూలుదారమే కొనివ్వండి. పండుగ మర్నాడు డాబా మీద, చెట్ల మీద మిగిలిన దారం పిల్లలతో కలిసి ఏరి పారేయండి.

గాయపడిన పక్షి దొరికితే మెత్తటి గుడ్డ కప్పి, గోళ్లు తగలకుండా ఎత్తి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయవద్దు, తిండి పెట్టవద్దు. వెంటనే అటవీశాఖకు తెలియజేయండి. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన అతిథిని క్షేమంగా తిరిగి పంపడం మన చేతుల్లో ఉన్న పని.