వేరుశనగ బంధువులను గుర్తించుటలో క్రోమోజోము పట్టీల పాత్ర

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎర్ర చెల్క నేలలలో వేరుశనగ వేసే రైతుకు తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ళ వలన మందుల ఖర్చు పెరుగుతుంది, దిగుబడి తగ్గుతుంది. వీటిని గట్టిగా తట్టుకొనే జన్యువులు సాగు రకాలలో అరుదు. దక్షిణ అమెరికా అడవి జాతులలో అవి సమృద్ధిగా ఉన్నాయి. అయితే ఏ అడవి జాతి నుండైనా జన్యువును తేగలమా? ఇందుకు సమాధానం క్రోమోజోములను పట్టీ పట్టీగా పోల్చి చూచుటలో లభిస్తుంది.

సంఖ్య చెప్పనిది, పట్టీలు చెప్పినది

1968లో స్వీడన్‌లో కాస్పర్సన్ బృందం విసియా ఫాబా అనే చిక్కుడు జాతి పైరుతో సహా కొన్ని జీవుల క్రోమోజోములపై క్వినాక్రిన్ రంజకంతో మెరిసే పట్టీలను చూపింది. 1971లో సీబ్రైట్ ట్రిప్సిన్‌తో శుద్ధి చేసి జిమ్సా రంజకం వాడే సులభ పద్ధతిని వివరించింది. ఆ తరువాత ప్రతి మానవ క్రోమోజోమును దాని పట్టీల వరుసను బట్టి విడిగా గుర్తించుట సాధ్యమైనది.

మానవ కణంలో 46 క్రోమోజోములు ఉండగా చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లలో 48 ఉన్నాయి. సంఖ్యను మాత్రమే చూస్తే ఒక జత ఏమైనదో తెలియదు. 1982లో యూనిస్, ప్రకాశ్ ఈ నాలుగు జాతుల పట్టీలను పక్కపక్కన ఉంచి పోల్చగా, మానవుని రెండవ క్రోమోజోము రెండు వానర క్రోమోజోములు కలిసినందున ఏర్పడినదని స్పష్టమైనది. సాధారణంగా క్రోమోజోము కొనల వద్ద మాత్రమే ఉండే డి.ఎన్.ఎ. వరుసలు ఆ అతుకు వద్ద ఎదురెదురుగా ఉన్నట్లు 1991లో తేలింది. మిగిలిన భేదాలలో పెక్కు విలోమనాలే. అనగా క్రోమోజోము ముక్క తిరగబడి అతుక్కొనుటయే. జత తప్పిపోలేదు, అమరిక మారినది.

వేరుశనగలో అదే పరీక్ష

సాగు వేరుశనగ చతుస్థితికము. దానిలో 40 క్రోమోజోములు ఉన్నాయి. అడవి జాతులలో అత్యధికం 20 క్రోమోజోములు గల ద్వయస్థితికములు. 1930లలోనే హస్టెడ్ సాగు వేరుశనగలో ప్రత్యేకంగా చిన్నదైన ఒక జతను గుర్తించాడు. అది ‘ఎ’ జీనోముకు చెందినది. సెంట్రోమియర్ వద్ద డాపి రంజకంతో ప్రకాశించే పట్టీలు ‘ఎ’ జీనోము క్రోమోజోములలో ప్రస్ఫుటంగా ఉంటాయి. సాగు పంటలోని ‘బి’ జీనోము వైపు అవి కనిపించవు. ఈ పోలికలు, రైబోసోము జన్యువుల స్థానాలు కలిసి అరాకిస్ డురానెన్సిస్ ‘ఎ’ జీనోమును, అరాకిస్ ఇపాయెన్సిస్ ‘బి’ జీనోమును ఇచ్చినవని సూచించినవి.

దీనిని సంకరణంతో కూడ సరిచూచినారు. 2006లో ఫావెరో సహచరులు ఈ రెండు అడవి జాతులను సంకరించి, క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేసి, వచ్చిన మొక్క సాగు వేరుశనగతో కలిసి సంతానం ఇచ్చునని చూపినారు. 2016లో ఆ రెండు జాతుల జీనోముల వరుసలు వెలువడినపుడు రెండింటి మధ్య పలు విలోమనాలు, 7, 8 క్రోమోజోములలో సంక్లిష్టమైన మార్పిడి కనిపించినవి. హస్టెడ్ చూచిన ఆ చిన్న జత ‘ఎ08’. అది ఎందుకు చిన్నదైనదో ఈ మార్పిడి వివరించినది.

ప్రజననకారునికి దీని ఉపయోగం

40 క్రోమోజోముల సాగు రకాన్ని 20 క్రోమోజోముల అడవి జాతితో నేరుగా సంకరిస్తే 30 క్రోమోజోముల త్రయస్థితిక సంకరం వస్తుంది. అది సాధారణంగా వంధ్యము. కాల్చిసిన్‌తో 60కి పెంచి, తిరిగి సాగు రకంతో పలుమార్లు సంకరిస్తూ 40కి తేవలెను. అయినను, క్షయకరణ విభజనలో జతకట్టగల క్రోమోజోముల మధ్యనే జన్యు వినిమయం జరుగుతుంది. కావున ‘ఎ’ జీనోము గల అరాకిస్ కార్డినాసి ఇచ్చే ముక్క ప్రధానంగా సాగు పంటలోని ‘ఎ’ వైపునే చేరుతుంది. ధార్వాడ నుండి వచ్చిన జి.పి.బి.డి. 4 రకానికి తల్లిదండ్రులలో ఒకటైన ఐ.సి.జి.వి. 86855 ఈ అడవి జాతి నుండి పుట్టినదే. తుప్పును తట్టుకొనే ముఖ్య జన్యుభాగం ‘ఎ03’ పైన, ఆలస్యపు ఆకుమచ్చను తట్టుకొనేవి ‘ఎ02’, ‘ఎ03’లపైన గుర్తించబడినవి.

అమరిక తిరగబడిన చోట వినిమయం అణగిపోతుంది. అటువంటి ముక్క చీలక, మేలు చేసే జన్యువుతోబాటు మందపు డొప్ప, తక్కువ గింజ శాతం వంటి అవాంఛిత లక్షణాలను కూడ మోసుకొని రావచ్చును. సంకరణకు ముందే క్రోమోజోముల అమరిక తెలిసియున్నచో ఎన్ని తరాలు, ఎన్ని మొక్కలు అవసరమో అంచనా వేయవచ్చును.

విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు

దక్షిణ తెలంగాణ మండలపు విద్యార్థి ఈ పాఠాన్ని సాధారణ సూక్ష్మదర్శినితోనే ప్రారంభించవచ్చును. మొలకెత్తిన గింజల వేరు కొనలను 8-హైడ్రాక్సీక్వినోలిన్‌లో ఉంచి, ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1 మిశ్రమంలో స్థిరపరచి, రంజనం చేసి నలిపితే 40 క్రోమోజోములను లెక్కించవచ్చును. చిన్న జతను వెదకి గుర్తించుటయే మొదటి అభ్యాసము.

విస్తరణ శాస్త్రవేత్త ఒక విషయం మరువరాదు. తెగులును తట్టుకొనే రకం అంటే తెగులే రాని రకం కాదు. ఆకు అడుగున నల్లని మచ్చలను గమనిస్తూ అవసరమైనపుడే మందు పిచికారీ చేయవలెనని రైతుకు చెప్పవలెను. ఎర్ర చెల్కలో ఒక పిచికారీ తగ్గినచో దాని వెనుక బొలీవియా అడవి మొక్క ఇచ్చిన ఒక క్రోమోజోము ముక్క ఉండవచ్చును. ఆ ముక్క ఎక్కడ అతుకుతుందో తెలిపే విద్య క్రోమోజోముల పోలికయే.