చిన్న మెమరీ, పెద్ద ఐడియాలు: నాకిష్టమైన పాత పీసీ గేమ్‌లు నేర్పే మూడు కోడింగ్ పాఠాలు

కొత్త ఫోన్ అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ర్యామ్ ఎంత?" అనే. 8 జీబీ సరిపోతుందా, 12 తీసుకుందామా అని తెగ ఆలోచిస్తాం. నాకు బాగా ఇష్టమైన పాత పీసీ గేమ్‌లు మూడున్నాయి. మూడూ కలిపినా మన ఫోన్ తీసే నాలుగైదు ఫోటోలంత సైజు కూడా దాటవు. చిన్నప్పుడు సరదా కోసం ఆడాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక వాటి వెనక ఉన్న టెక్నిక్‌లు చదివాను. బీటెక్‌లో నాలుగేళ్లు చదివినా ఎక్కని కొన్ని విషయాలు ఇక్కడ అర్థమయ్యాయి. అవేంటో చూద్దాం.

1. ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989): ఉన్నదాన్నే మళ్లీ వాడండి

60 నిమిషాల్లో యువరాణిని కాపాడాలి. అంతే కథ. కానీ ప్రిన్స్ పరుగెత్తడం, అంచు పట్టుకుని వేలాడటం చూస్తే నిజం మనిషిలాగే ఉంటుంది. ఎందుకంటే జోర్డాన్ మెక్‌నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ ఫ్రేమ్‌ల ఆధారంగా బొమ్మలు గీశాడు. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు.

ఆ బొమ్మలకే యాపిల్ 2 కంప్యూటర్ మెమరీ దాదాపు నిండిపోయింది. శత్రువు కావాలి, కానీ కొత్త క్యారెక్టర్‌కి చోటు లేదు. అప్పుడు ప్రిన్స్ బొమ్మనే ఒక్క పిక్సెల్ పక్కకు జరిపి, అసలు బొమ్మతో ఎక్స్‌ఓఆర్ చేశాడు. రెండు బిట్‌లు వేరుగా ఉంటే 1, ఒకేలా ఉంటే 0 ఇచ్చే ఆపరేషన్ అది. మనం డిజిటల్ లాజిక్ పేపర్‌లో బట్టీ పట్టి రాసిందే! దాంతో మెరిసే ఆకారం ఒకటి వచ్చింది. అద్దంలోంచి బయటకు దూకి మనల్ని ఏడిపించే ఆ నీడ మనిషి అలా పుట్టాడు. కొత్త బొమ్మలు ఒక్కటి కూడా గీయలేదు. గేమ్‌లో అందరికీ గుర్తుండిపోయిన క్యారెక్టర్ మాత్రం అదే.

2. డేవ్, కమాండర్ కీన్ (1990): మారిందే గీయండి

మా స్కూల్ ల్యాబ్‌లో సార్ పెయింట్ నేర్పిస్తుంటే, వెనక సిస్టమ్‌లో డేవ్ నడిచేది. కప్పు తీసుకోవాలి, తలుపు దాకా వెళ్లాలి. జాన్ రొమెరో చేసిన ఈ గేమ్‌లో మీరొకటి గమనించే ఉంటారు. డేవ్‌తో పాటు స్క్రీన్ మెల్లగా జరగదు. అంచు దగ్గరకు వెళ్లాక ఒక్కసారిగా జరుగుతుంది. మారియోలా సాఫీగా స్క్రోల్ చేయడం అప్పటి పీసీలకు చాలా కష్టం. 320 x 200 స్క్రీన్ అంటే 64,000 పిక్సెల్‌లు. వాటన్నిటినీ ప్రతి ఫ్రేమ్‌కీ మళ్లీ గీసేంత స్పీడ్ వాటికి లేదు.

1990లో జాన్ కార్మాక్ దీనికో దారి కనిపెట్టాడు. స్క్రీన్ జరిగినప్పుడు ఆకాశం పక్కన మళ్లీ ఆకాశమే వస్తే, ఆ గడిని మళ్లీ గీయడం దేనికి? మారిన గడులు మాత్రమే గీస్తే చాలు. ఈ ట్రిక్‌తో టామ్ హాల్‌తో కలిసి మారియో 3 మొదటి లెవెల్‌ని పీసీలో తయారుచేశాడు. అందులో హీరోగా పెట్టింది మన డేవ్‌నే. అదే ఏడాది డిసెంబర్‌లో ఇదే టెక్నిక్‌తో కమాండర్ కీన్ వచ్చింది. తర్వాత ఈ టీమే ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టి 1993లో డూమ్ తెచ్చింది. ఇవాళ రియాక్ట్ లాంటివి కూడా స్క్రీన్‌లో మారిన భాగాన్నే అప్‌డేట్ చేయాలని చూస్తాయి. ఆలోచన ఒకటే.

3. స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్: అవసరమైనంతే పరుగెత్తండి

విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. ఈ గేమ్ కోడ్ ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా స్క్రీన్ గీస్తూ పోయేది. కంప్యూటర్ ఎంత స్పీడ్‌దైనా సీపీయూని ఇదే తినేసేది. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ రేమండ్ చెన్ సెకనుకు 100 ఫ్రేమ్‌లు దాటకుండా లిమిట్ పెట్టాడు. సీపీయూ వాడకం 1 శాతానికి పడిపోయింది. ఆడేవాళ్లకు తేడా ఏమీ తెలియలేదు. మన ఫోన్‌లలో కదలిక లేనప్పుడు రిఫ్రెష్ రేట్ తగ్గించి బ్యాటరీ ఆదా చేసే ఫీచర్ ఉంది కదా, దాని వెనకున్న లాజిక్ కూడా ఇదే.

ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?

మా నాన్న ఫోన్‌లో ర్యామ్ 3 జీబీ. కరెంటు బిల్లు కట్టే యాప్ తెరిస్తే తెల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. "ఫోన్ పనైపోయినట్టుంది రా, కొత్తది కొనాలేమో" అన్నారు. చూస్తే కాల్స్, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఆ ఒక్క యాప్ మాత్రం, బిల్లు మొత్తం చూపించే ముందు బ్యానర్లూ, యానిమేషన్లూ, ఆఫర్లూ అన్నీ లోడ్ చేసుకుంటోంది. ఫోన్ బాగానే ఉంది, యాపే బరువెక్కింది. డెవలపర్ సర్దుకోకపోతే ఆ ఖర్చు యూజర్ జేబు మీద పడుతుంది. అందుకే ఫోన్ మార్చే ముందు స్లో అవుతున్నది అన్ని యాప్‌లా, ఒకటేనా చూసుకోండి. మీరు యాప్‌లు రాసేవాళ్లైతే మీ ఇంట్లో ఉన్న అతి తక్కువ రేటు ఫోన్‌లో ముందు టెస్ట్ చేయండి.

మీరూ ట్రై చేయండి

* చదవడానికి: ప్రిన్స్ ఆఫ్ పర్షియా యాపిల్ 2 సోర్స్ కోడ్ డిస్క్‌లు చాలా ఏళ్లకు దొరికాయి. 2012లో మెక్‌నర్ ఆ కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టాడు. అసెంబ్లీ భాష కాబట్టి మొత్తం అర్థం కాకపోయినా పర్లేదు, కామెంట్లు చదవండి.
* ఆడటానికి: పాత డాస్ గేమ్‌లకు డాస్‌బాక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. గేమ్ మరీ స్పీడ్‌గా పోతుంటే అందులో సైకిల్స్ తగ్గించండి.
* రాయడానికి: పైథాన్‌లో పైగేమ్‌తో ఒక బంతిని కదిలించండి. ముందు ప్రతి ఫ్రేమ్‌కీ 5 పిక్సెల్‌లు జరపండి. తర్వాత "సెకనుకు 300 పిక్సెల్‌లు x గడిచిన సమయం" అని మార్చండి. 30 ఎఫ్‌పీఎస్‌లో, 120 ఎఫ్‌పీఎస్‌లో రెండు పద్ధతులూ నడిపి చూడండి. మొదటి దాంట్లో బంతి వేగం నాలుగు రెట్లు మారుతుంది, రెండో దాంట్లో మారదు.

ఈ మూడోది చేయడానికి అరగంట చాలు, పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. ఈ ఆదివారం కూర్చోండి.