వర్షాకాలపు కొండనడక: స్వస్థవృత్త నియమములు

వర్షాకాలము వచ్చినదంటే ములుగు మీదుగా తాడ్వాయి, ఏటూరునాగారము వైపు వెళ్ళు వాహనములు నిండిపోవును. వాజేడు మండలములోని బొగత జలపాతము, వెంకటాపురము మండలములో వీరభద్రవరము పైనున్న ముత్యాలధార, తాడ్వాయి సమీపమున దామరవాయి గుట్టలపై గల రాక్షసగుళ్ళు చూచుటకు హనుమకొండ, హైదరాబాదుల నుండి యువకులు గుంపులుగా వచ్చుచున్నారు. వీరిలో కొందరు దారిలో ఆగి, "కొండ ఎక్కుటకు బలము కలుగుటకు ఏదైన లేహ్యము ఉన్నదా?" అని అడుగుదురు. లేహ్యము కంటె ముందు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. ఈ వ్యాసమున వానినే వివరించుచున్నాను.

ఆయుర్వేదము రోగము వచ్చిన పిదప మందు చెప్పు శాస్త్రము మాత్రమే కాదు. స్వస్థుడు స్వస్థుడుగా ఉండుటకు చెప్పిన నియమములకు స్వస్థవృత్తమని పేరు. వాగ్భటుని అష్టాంగహృదయము సూత్రస్థానము రెండవ అధ్యాయమగు దినచర్యలో నడచువాని గూర్చిన మాటలు స్పష్టముగా ఉన్నవి. గొడుగు, పాదరక్షలు లేక తిరుగరాదు. ముందు నాలుగు మూరల నేలను చూచుచు అడుగు వేయవలెను. తప్పని పని యున్ననే రాత్రి బయలుదేరవలెను, అప్పుడును చేతికర్ర, తలపాగా, తోడు ఉండవలెను. నదిని చేతులతో ఈది దాటరాదు. ఇవన్నియు పాతకాలపు ఆచారములని చాలామంది అనుకొందురు. ములుగు అడవిలో 2023 సంవత్సరమున జరిగినది గుర్తు చేసుకొన్నచో అట్లు అనరు.

2023 జూలైలో జరిగినది

ఆ సంవత్సరము జూలై 26వ తేదీన ముత్యాలధార చూచుటకు వెళ్ళిన పర్యాటకులు సుమారు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకొన్నారు. ఫోనులో సమాచారము అందినది. వాగు దాటవద్దని, ఎత్తైన చోట నిలువుమని అధికారులు వారికి చెప్పినారు. జాతీయ విపత్తు స్పందన దళము, జిల్లా బృందములు రాత్రివేళ అడవిలోనికి వెళ్ళి, మరునాటి తెల్లవారునాటికి వారిని క్షేమముగా బయటికి తెచ్చినవి. వారిలో ఒకరిని తేలు కుట్టినది, ప్రాణాపాయము లేకపోయినది.

ఆ రాత్రి ఎటువంటిదో తెలియవలెనన్న మరొక లెక్క చూడవలెను. 27వ తేదీ ఉదయమునకు ముగిసిన 24 గంటలలో ఇదే జిల్లా వెంకటాపూర్ మండలములోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. తెలంగాణలో ఒక్క దినమున అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. అదే వానకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారము మండలము కొండాయి గ్రామమును ముంచినది, పలువురు ప్రాణములు కోల్పోయినారు. తరతరములుగా ఆ వాగు ఒడ్డున బ్రతికినవారికే తప్పించుకొనుట సాధ్యము కాలేదు. ఒక పూట చూచి పోవుటకు వచ్చినవాడు ఆ నీటిని అంచనా వేయగలడా?

వారు 80 మందియు బ్రతికి వచ్చుటకు కారణము వాగును దాటక ఆగుట. నా దృష్టిలో ఈ వ్యాసమునకంతటికి ముఖ్యమైన మాట ఇదియే. వేగముగా పారు నీరు మోకాలిలోతు ఉన్నను మనిషిని పడగొట్టును. అడుగున రాళ్ళు కదలుచుండును, ఒక్క కాలు జారిన మరల నిలువలేడు. మనము నిలిచిన చోట చినుకు లేకున్నను పైకొండలలో వాన పడియుండవచ్చును. తేటగా ఉన్న నీరు ఎర్రబారుట, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చుట, దూరమున హోరు వినబడుట, ఈ మూడింటిలో ఏది కనిపించినను తక్షణము గట్టు ఎక్కవలెను. చెప్పులు, సంచులు, ఫోటోలు తరువాత చూచుకొనవచ్చును. జలపాతము క్రింద రాళ్ళపై పాచి పట్టియుండును, గుండము లోతు పైకి తెలియదు. మద్యము సేవించి నీటిలో దిగువారికి ఏ శాస్త్రమును రక్షణ చెప్పలేదు.

వర్షఋతువులో శరీరము

వర్షఋతువున వాతము ప్రకోపించును, జఠరాగ్ని మందగించును. అందువలననే ఋతుచర్యలో ఈ కాలమున నదీజలము త్రాగుట, అధికశ్రమ, పగటినిద్ర, ఎండ వర్జింపవలెనని చెప్పినారు. ఇక్కడ ఒక చిక్కు కలదు. జలపాతములు నిండుగా ఉండునది ఈ ఋతువుననే, శ్రమ తగదని శాస్త్రము చెప్పునదియు ఈ ఋతువుననే. వెళ్ళనే వద్దని నేను అనను. వానలు కొంత వెనుకపట్టి, దారులు గట్టిపడిన తరువాత, శరదృతువు ఆరంభమున వెళ్ళుట మేలు. అప్పటికిని ధార ఉండును, వాగులు లొంగియుండును.

వ్యాయామము అర్ధశక్తితో చేయవలెనన్నది మరొక సూత్రము. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో శ్వాస తీయవలసి వచ్చినచో సగము బలము వ్యయమైనదని గుర్తు. కొండ ఎక్కునప్పుడు ఆ గుర్తు కనిపించిన చోట కూర్చొనవలెను. శ్రమచే వచ్చు ఆయాసమును అణచుకొనరాదని, అణచినచో హృద్రోగము, మూర్ఛ కలుగునని వాగ్భటుడు హెచ్చరించినాడు. ముందువాడు పరుగెత్తుచున్నాడని వెనుకవాడు పంతమునకు పోయిన ఇదే జరుగును. గుంపు నడక వేగమును అందరికంటె నెమ్మదిగా నడచువాడే నిర్ణయించవలెను. ఎక్కుటకు సగము బలము, దిగుటకు సగము బలము అని లెక్క పెట్టుకొన్నచో పొరపాటు రాదు.

గుండెజబ్బు, ఉబ్బసము, మూర్ఛరోగము ఉన్నవారు, గర్భవతులు, ఇటీవల జ్వరము పడి లేచినవారు ఈ దారులకు దూరముగా ఉండవలెను. తక్కినవారు పదిహేను దినములు ముందుగా ప్రతి ఉదయము గంటసేపు నడక అలవాటు చేసుకొనవలెను. నిత్యము కుర్చీలో కూర్చొనువాడు ఆదివారమునాడు ఒక్కసారిగా కొండ ఎక్కబోవుట మోకాళ్ళకు శిక్ష.

బయలుదేరుటకు పూర్వము

ముందు అటవీశాఖవారిని, ఊరివారిని విచారించవలెను. ఏ దారి తెరచియున్నది, ఏది నిషేధము అన్నది వారికి తెలియును. వాజేడు, వెంకటాపురము అడవులలో ఈ విచారణకు మరొక కారణము కూడ కలదు. 2024 జూన్‌లో కొంగాల అడవికి కట్టెల కొరకు వెళ్ళిన ఒక వ్యక్తి మందుపాతర పేలి మరణించినాడు. కర్రెగుట్టలపై మందుపాతరలు అమర్చినామని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ప్రకటించినారు. కనుక వద్దన్న దారిన పోవుట సాహసము కాదు, అవివేకము. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారము మధ్య అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు నేలకూలినవి. గాలి లేచిన దినమున ఎండుకొమ్మల క్రింద నిలువరాదు. ఉరుము వినబడినచో ఒంటరిచెట్టు, నీటి అంచు, బోడిగుట్ట విడిచి దిగవలెను.

ఎక్కడికి వెళ్ళుచున్నారో, ఎప్పటికి తిరిగి వత్తురో ఇంటివారికి వ్రాసి ఇచ్చి వెళ్ళవలెను. అడవిలో ఫోను చాలచోట్ల పలుకదు, పలికిన చోట ఛార్జింగు మిగిలియుండవలెను. మధ్యాహ్నము రెండు గంటలకు ఎక్కడ ఉన్నను వెనుకకు తిరుగవలెను. చెట్ల నీడలో చీకటి ముందుగా వచ్చును. ఊరివాడైన ఒక దారి చూపువానికి కూలి ఇచ్చి వెంట తీసికొని పోవుట అన్ని మందులకంటె మేలు.

ఆహారము తేలికగా ఉండవలెను. వేయించిన అటుకులు, పేలాలు, బెల్లము, వేరుసెనగలు, ఖర్జూరములు చాలును. బిర్యానీ పొట్లములతో కొండ ఎక్కుట మందాగ్నికి బరువు. ప్రయాణమునకు ముందురాత్రి అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసికొన్నచో చర్మము మెత్తబడి పగుళ్ళు, బొబ్బలు తగ్గును. ఉదయము నూనె శుభ్రముగా తుడిచి, పట్టున్న అడుగు గల బూట్లు ధరించవలెను. హవాయి చెప్పులు తగవు. బొబ్బ లేచినచో చిదుపక మెత్తని గుడ్డ కట్టవలెను.

నీటిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. ఇంటి నుండి కాచి చల్లార్చిన నీరు తీసికొని పోవుట ఉత్తమము. అది అయిపోయి వాగునీరే గతియైనప్పుడు మన పూర్వుల ఉపాయము చిల్లగింజ. దానిని రాతిపై అరగదీసి కలిపినచో మడ్డి అడుగుకు దిగి నీరు తేరుకొనును. అయితే తేరిన నీరు శుద్ధమైన నీరు కాదు. మట్టి పోవును గాని రోగబీజములు పోవు. పైతేటను వంచి, తెర్లునట్లు కాచిన పిదపనే త్రాగవలెను. విరేచనములు పట్టుకొన్నచో లీటరు కాచిన నీటికి ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, తలకొట్టిన కొలతతో కలిపి మాటిమాటికి త్రాగించవలెను. ఉప్పు కొలత మించరాదు. శొంఠి, వాము కడుపునొప్పికి పనికివచ్చును గాని పోయిన నీటిని పూరింపలేవు.

చిన్న సంచిలో శుభ్రమైన గుడ్డపట్టీలు, టార్చి, విజిల్, అగ్గిపెట్టె, ఒక జత పొడిబట్టలు, ప్లాస్టిక్ పట్టా, నిత్యము వాడు బి.పి., షుగరు మాత్రలు ఉండవలెను. కాలు బెణికినచో మొదటి దినము మర్దన చేయరాదు, కాపడము పెట్టరాదు. చల్లని తడిగుడ్డ చుట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తుగా ఉంచవలెను. రెండు దినముల తరువాత వావిలాకు కాపు, మహానారాయణ తైలము మేలు చేయును. గాయమునకు పసుపు అద్దుటకు ముందు శుభ్రమైన నీటితో బాగుగా కడుగవలెను, ఊరు చేరగానే ధనుర్వాతమునకు సూది వేయించుకొనవలెను.

పాము, తేలు

పగలైనను రాత్రియైనను గొడుగు, చప్పుడు చేయు సాధనము చేత పట్టుకొని నడచినచో ఆ నీడకు, చప్పుడుకు పాములు తొలగిపోవునని చరకుడు విషచికిత్సలో చెప్పినాడు. పాము నేల అదురును చక్కగా గ్రహించును. కనుక కర్రతో నేల తట్టుచు నడచుట సార్థకము. రాతిసందున చేయి పెట్టరాదు, పడిన మ్రానును దాటునప్పుడు అవతల ఏమున్నదో చూడక అడుగు వేయరాదు.

కాటు పడినచో ఏమి చేయవలెను? ఇక్కడ నేను మొగమాటము లేక వ్రాయవలసియున్నది. సుశ్రుతుడు కల్పస్థానములో కాటుకు నాలుగు అంగుళముల పైన కట్టు కట్టుమన్నాడు, కోయుట, పీల్చుట కూడ చెప్పినాడు. ఆ కాలమున విషమును విరుచు సూదిమందు లేదు. ఉన్న సాధనములతో ఆ మహనీయుడు చేయగలిగినది చెప్పినాడు. నేడు బిగించిన కట్టు వలన కాలు కుళ్ళిన వారిని, కట్టు విప్పగానే విషము ఒక్కసారిగా వ్యాపించినవారిని వైద్యులు చూచుచున్నారు. గురుముఖమున ఆ శ్లోకములు వల్లించినవాడనే అయినను, కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు అని చెప్పుచున్నాను. కాలికి తాడు బిగించుకొని నా గుమ్మము ముందుకు వచ్చినవారిని నాడి చూచుటకైనను కూర్చుండబెట్టక పెద్దాసుపత్రికే పంపినాను.

కరచినవానికి ధైర్యము చెప్పి, ఉంగరములు, గడియారము, బిగువు బట్టలు తీసి, కరచిన అంగము కదలకుండ కర్రబద్ద కట్టి, నడిపించక మోసికొని దింపవలెను. 108కు ఫోను చేయవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాల్గింటికి పనిచేయు సూదిమందు ఒక్కటే. పామును చంపి తెచ్చుటకు కాలము వృథా చేయవలదు. కట్లపాము రాత్రి నిద్రలో కరచును. నొప్పి ఉండకపోవచ్చును, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారి కనురెప్పలు వాలుట, మాట ముద్దయగుట, కడుపునొప్పి కనిపించినచో అదియే అని అనుమానించి ఆసుపత్రికి పోవలెను.

తేలుకాటులో పెద్దలకు మంటయే అధికము. పిల్లలకు ఎర్రతేలు కుట్టినచో చెమటలు, వాంతులు, కాళ్ళుచేతులు చల్లబడుట, ఆయాసము కలిగి ప్రాణము మీదికి వచ్చును. మహారాష్ట్రలోని మహాడ్ అను చిన్న పట్టణములో వైద్యము చేయుచు హిమ్మత్‌రావు బావస్కర్ గారు ప్రజోసిన్ అను మాత్రతో ఇట్టివారిని బ్రతికించు మార్గము చూపినారు. వారికి 2022లో పద్మశ్రీ లభించినది. ఆ మాత్ర వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వదగినది. కనుక తేలుమంత్రము కొరకు పిల్లవానిని ఊరూరు త్రిప్పరాదు.

రాత్రి చిక్కుకొన్నచో

వాగు పొంగి దారి మూసుకొన్నచో వెనుకకు, ఎత్తుకు పోయి ఆగవలెను. 112కు ఫోను చేసి ఎందరున్నారో, పిల్లలెందరో చెప్పి, ఒక ఫోను మాత్రము తెరచియుంచి తక్కినవి ఆపవలెను. తడిబట్టలు విప్పి పొడివి కట్టవలెను. తడినేలపై కాక కొమ్మలు, ఆకులు పరచి దానిపై పట్టా వేసి, పిల్లలను, వృద్ధులను నడుమ ఉంచి దగ్గరగా కూర్చొనవలెను. మన ప్రాంతమున చలికి ప్రమాదమేమని అనుకొనవద్దు. రాత్రియంతయు వానలో తడిసి, గాలి తగిలినవాని దేహోష్ణము వేసవి దేశములోను పడిపోవును. వణకువాడు హఠాత్తుగా వణకుట మాని మత్తుగా మాటలాడుట చెడుగుర్తు. తెలివి ఉన్నచో తీపిపదార్థము, వెచ్చని పానీయము ఇవ్వవలెను. కాళ్ళుచేతులు గట్టిగా రుద్దరాదు, సారా పోయరాదు.

తిరిగి వచ్చిన పిదప

వేడినీటి స్నానము, ఒంటికి నువ్వులనూనె, ఆ పూటకు మిరియాల చారుతో మెత్తని అన్నము చాలును. ఏటూరునాగారము అడవిప్రాంతమున మలేరియా ఉన్నది. దోమకాటు తప్పించుటకు నిండుచేతుల చొక్కా ధరించినను, తిరిగి వచ్చిన వారము మొదలు నెల లోపున చలిజ్వరము వచ్చినచో నేలవేము కషాయముతో దినములు గడపక రక్తపరీక్ష చేయించుకొనవలెను. నగరములోని వైద్యుడు మలేరియాను వెంటనే తలంపకపోవచ్చును. ఏ అడవికి, ఏ తేదీన వెళ్ళి వచ్చినారో ఆయనకు మొదటనే చెప్పవలెను.