తీగ చివర నుండు భాండారము

తార్నాక యను పేరు ఎట్లు వచ్చెనని పోయిన సంవత్సరము మా విద్యార్థులలో నొకడు మమ్ము ప్రశ్నించెను. పూర్వ మచ్చట నొక తోటకు తీగకంచె వేసి కావలివాని నుంచిరనియు, ఉర్దూలో తీగను 'తార్' అనియు కావలిచోటును 'నాకా' అనియు అందురు గనుక ఆ రెండును కలసి తార్నాక యయ్యెననియు పెద్దలు చెప్పుదురు. మేము చెప్పబోవు విషయమునకును తీగయు కావలియు ననునవే ప్రధానములు.

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి నడచువారికి 1939లో తెరువబడిన ఆర్ట్సు కళాశాలా భవనము కానవచ్చును. విశ్వవిద్యాలయము మాత్రము 1918లోనే స్థాపితమైనది. దానికి చెందిన నిజామియా వేధశాలవారు ఆకాశమును గాజుపలకలపై ఛాయాచిత్రములుగా తీయు అంతర్జాతీయ కార్యమునందు పాలుగొనిరి. గాజుపలక యుండుచోటనే యుండును. చూడగోరువారు దానికడకు పోవలెను. నేటి కంప్యూటరు డిస్కు అట్లు గాదు. డిస్కు ఒక గదిలో నుండగా దానిని వాడు యంత్రము వేఱొక భవనములో నుండవచ్చును. ఒక్కొక్క పుట 25 మెగాబైట్లగునట్లు 400 పుటల గ్రంథమును చిత్రించినచో 10 గిగాబైట్లగును. అట్టి గ్రంథములు నూఱైనచో 1,000 గిగాబైట్లు. ఇంతటి భారమును ప్రతి బల్లమీది యంత్రమునందును మోయింపలేము గదా.

దూరపు డిస్కును వాడుటకు రెండు మార్గములు గలవు. మొదటిది గ్రంథాలయపు పద్ధతి: మనము పేరు చెప్పుదుము, అధికారి గ్రంథమును తెచ్చి యిచ్చును. ఎవరు ఏది తీసికొనిరో ఆయన యొద్ద లెక్క యుండును. రెండవది బీరువానే తాళపుచెవితో అప్పగించుట. అరలలో ఏది ఎచ్చట నుంచవలెనో, పట్టిక యెట్లు వ్రాసికొనవలెనో తీసికొన్నవాని యిష్టము. ఇచ్చినవాడు లోపలికి చూడడు. ఈ రెండవ పద్ధతికే ఐస్కసి యని పేరు. డిస్కులతో మాటలాడుటకు 1986లో నిర్ణయింపబడిన స్కసి భాషను సామాన్యమైన నెట్‌వర్కు తీగమీదుగా పంపు నియమావళి యిది, 2004లో ప్రకటింపబడినది. ఇందు బీరువా నిచ్చు యంత్రమును టార్గెట్ అనియు, అడుగు యంత్రమును ఇనిషియేటర్ అనియు అందురు. టార్గెట్ అనగా గుఱి యని నిఘంటువు చెప్పును గాని, ఇచ్చట దాత యని తలంచినచో తేలికగా బోధపడును.

లినక్స్ నందు దాతపని చేయు భాగము 2011లో ఆ వ్యవస్థ నడిగుండెయగు కెర్నెలులో చేరినది. దానిని సరిదిద్దు పనిముట్టు పేరు టార్గెట్‌సీఎల్ఐ. బొమ్మలు, మీటలు ఏమియు లేవు. అక్షరములతో ఆజ్ఞ వ్రాయవలెను. మా విద్యార్థులు తొలుత దీనికి జంకిరి. కాని లోపలికి పోయి 'ఎల్ఎస్' అని వ్రాసినచో సర్వమును చెట్టువలె కొమ్మలుగా కనబడును. ఒక కొమ్మనుండి వేఱొక కొమ్మకు 'సీడీ' అను ఆజ్ఞతో పోవుదుము.

మొదట బ్యాక్‌స్టోర్స్ అను కొమ్మకు పోయి, ఇవ్వదలచిన వస్తువును చూపవలెను. అది నిజమైన డిస్కైనచో బ్లాక్ అను శాఖయందును, పెద్ద ఫైలునే డిస్కుగా చూపదలచినచో ఫైల్‌ఐఓ అను శాఖయందును 'క్రియేట్' అని వ్రాసి పేరు పెట్టవలెను. పిదప ఐస్కసి కొమ్మయందు దాతకు నామకరణము. ఈ పేరు ఐక్యూఎన్ అను మూడక్షరములతో మొదలై, సంవత్సరము, నెల, పిమ్మట సంస్థయొక్క ఇంటర్నెట్టు పేరు తలక్రిందులుగా వచ్చును. అనగా దేశము ముందు, సంస్థ వెనుక. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాసికొనునట్లే యని చెప్పగానే పిల్లలు గ్రహించిరి. తరువాత లన్స్ అను కొమ్మయందు మొదట చూపిన వస్తువును ఈ పేరునకు తగిలింపవలెను. దానికి సున్న సంఖ్య వచ్చును.

ఇక కావలి. ఏసీఎల్స్ అను కొమ్మయందు ఏ యంత్రమునకు ప్రవేశము గలదో దాని ఐక్యూఎన్ పేరు వ్రాయవలెను. ఒక చుక్క తప్పినను ద్వారము తెరువబడదు; మాకు ఒక మధ్యాహ్న మంతయు ఒక చిన్న గీతకొఱకే వ్యయమైనది. వినికిడి ద్వారము సంఖ్య 3260. సామాన్యముగా ఆ యంత్రపు అన్ని చిరునామాల మీదను అది తెరచుకొని యుండును గనుక, దానిని తొలగించి లోపలి చిరునామాకు మాత్రమే పెట్టుట మేలు. చాప్ అను పద్ధతిచే రహస్యపదమును తీగమీద పంపకయే పరీక్షింపవచ్చును గాని, అది ద్వారమును మాత్రమే కాచును. లోపల నడచు సమాచారమును మఱుగుపఱుపదు. కడపట 'సేవ్‌కాన్ఫిగ్' అని వ్రాయవలెను. లేనిచో చేసినదంతయు కెర్నెలు జ్ఞాపకమునందే యుండి, కరెంటు పోయిననాడు దానితోనే పోవును. యంత్రము లేచునప్పుడెల్ల ఆ వ్రాతను మరల చదువు సేవను కూడ మేల్కొలిపి యుంచవలెను.

ఇంతవరకు పాఠము. ఇక మాకు జరిగిన నష్టము.

మా బాలబాలికలు విశ్వవిద్యాలయపు ఆవరణములోని చెట్లను నెలదినములు ఛాయాచిత్రములు తీసిరి. వానిని ఇట్టి డిస్కుపై నుంచితిమి. ఒక యంత్రము చాలలేదని రెండవ యంత్రపు పేరును కూడ ఏసీఎల్స్ నందు చేర్చితిమి. అది ఒక్క పంక్తి పని. ఎవరును అడ్డు చెప్పలేదు, ఏ హెచ్చరికయు రాలేదు. రెండు యంత్రములును డిస్కును చూచినవి, రెండును వ్రాసినవి. మూడు దినములు అంతయు బాగుగనే యున్నట్లు తోచెను.

జరిగినదేమనగా, ఒకే బీరువాను ఇరువురి కప్పగించితిమి. ఎవరి పట్టిక వారి జ్ఞాపకమునందే యుండెను. మొదటివాడు నింపిన అరను రెండవవాడు ఖాళీ యని తలంచి, అందలి దానిపైననే తన వస్తువును పెట్టెను. ఈక్స్‌ట్-4 మొదలగు సామాన్యపు ఫైల్ వ్యవస్థలు ఒక్క యజమానినే యెఱుగును. పెక్కుయంత్రములు ఒకేసారి వాడుటకు వేఱుగా నిర్మింపబడిన వ్యవస్థలు గలవు. నాలుగవ నాడు ఒక వేపచెట్టు చిత్రమును తెరువగా పైసగము వేప, క్రిందిసగము బూడిదరంగు. పరీక్షించి చూడగా 130 చిత్రములు చెడియుండెను. వేఱొక ప్రతి మాయొద్ద లేదు. దాతయంత్రమునందు రెండు డిస్కులు జంటగా నుండెను గాని, తప్పుడువ్రాత రెంటిపైనను సమానముగానే పడును.

తప్పు పనిముట్టుది గాదు; పేరు వ్రాసినది మేమే. ఆ రెండవ పేరును 'డిలీట్' అను ఆజ్ఞతో తొలగించి, మొదటి యంత్రమునే గ్రంథాలయాధికారిగా నియమించి, రెండవదానికి ఫైళ్లను ఎన్ఎఫ్ఎస్ పద్ధతిచే అందించితిమి. తీగకు తగులని డిస్కు నొకటి కొని, వారమునకొకమారు ప్రతి తీసి బీరువాలో, అనగా నిజమైన కొయ్యబీరువాలో, పెట్టుచున్నాము.

చెడిన 130 చిత్రములలో 90 విద్యార్థుల ఇండ్లలోని ఫోనులయందు మిగిలి యుండెను. తక్కిన 40 చిత్రముల కొఱకు ఒక శనివారము ఉదయమున తార్నాకలో బస్సు దిగి, పాత జాబితా చేతబట్టుకొని, చెట్టుచెట్టు కడకును మరల నడచితిమి. ముప్పదియెనిమిది దొరకినవి. రెండు చెట్లను ఈలోపల కొట్టివేసి యుండిరి.