మగతనం మీసంలో ఉందా?



మొన్న సత్యోపదేశం తరగతిలో ‘నాయకుడంటే ఎవరు?’ అని పిల్లల్ని అడిగాను. మూతిమీద నూగైనా రాని ఒక బాబు లేచి, లేని మీసం మెలివేసి, తొడగొట్టి చూపించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత మాత్రం ఆలోచనలో పడ్డాను. అది వాడికి నేర్పిందెవరు? ఆదోని, ఎమ్మిగనూరు కూడళ్లలో మనం నిలబెట్టే నిలువెత్తు బొమ్మలూ, ముఠాకక్షల సినిమాలూ, వాటిని చూసి ‘మగాడంటే వాడురా’ అనే మన మాటలూ కావా?

నాయకునికి ప్రజల్లో ఒక రూపం ఉండటం తప్పు కాదు. 1982లో ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టి చైతన్యరథం ఎక్కినప్పుడు, జనం ఆయనలో తెరమీది రాముణ్ణీ కృష్ణుణ్ణీ చూశారు. 1983లో అధికారమిచ్చారు. అయితే నిలిచింది వేషం కాదు. ఆయన ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతా అదే బాట పట్టింది.

మన జిల్లాకే వద్దాం. కర్నూలు దగ్గరి పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఆయనకు సినిమా వేషం లేదు. ఆయన హయాంలో వృద్ధాప్య పింఛన్లు మొదలయ్యాయి. దిక్కులేని ముసలివారిని తలచుకోవడానికీ గుండె కావాలి.

ధైర్యమనే సుగుణంలో ఎదుటివానిపై దూకడం కన్నా, కష్టాన్ని ఓర్చుకొని మంచిలో నిలబడటమే ప్రధానమని పునీత తోమాస్ అక్వినాస్ గారు 13వ శతాబ్దంలోనే బోధించారు. ఆ కొలతతో చూడండి. కరువొస్తే మిరపకోతలకు గుంటూరు వలసపోయి, కూలి డబ్బు తాగకుండా ఇంటికి తెచ్చే తండ్రి ధీరుడు. భార్యపై చెయ్యెత్తి బజారులో మీసం తిప్పేవాడు కాదు.

కడరా భోజనం వేళ యేసుప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగారు (యోహాను 13). తనను అప్పగించబోయే యూదా పాదాలూ వాటిలో ఉన్నాయి. అది పిరికివాడు చేయగల పనా?

ఓటడగ వచ్చినవారి మీసం, ఊరేగింపు, వెంట వచ్చిన బండ్లు లెక్కపెట్టకండి. ఇంతవరకు ఎవరికి ఏ సేవ చేశారో అడగండి. ఈ వారం జపమాల ముగిశాక ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక్క ప్రశ్న మాట్లాడుకోండి: మన ఇంట్లో మగపిల్లవాడు ఎవరిని చూసి మగవాడవుతున్నాడు?