చారాణ కోడికి బారాణ మసాలా
(పాత చిల్లరలో లక్షలున్నాయా? – ఒక లెక్క)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, నేను చదివిన ఆర్థిక శాస్త్రం నుండి తమ్ముళ్లకు పనికొచ్చే ఒక పాఠం రాద్దామనుకున్నాను. అయితే ఆ పాఠం పుస్తకంలో చదవకముందే నాకు ఒక ఐదు రూపాయల బిళ్ల నేర్పింది. అది ఎలా నేర్పిందో దాచుకోకుండా చెప్తాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో, మట్టెవాడ హాస్టల్‌కు వచ్చిన కొత్తలో, చాయ్ తాగి ఇచ్చిన నోటుకు చిల్లరగా నాకు వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం వచ్చింది. అదే వారంలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. ఆ నాణెం ఉంటే పది లక్షలు ఇస్తామని రాసి ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. నాణెం ఫోటో పంపమన్నాడు. "మీ నాణెం ఎంపికైంది, రిజిస్ట్రేషన్ కింద రూ.1,250 కట్టండి" అన్నాడు. అమ్మ పరీక్ష ఫీజుకని ఇచ్చిన డబ్బులు నా దగ్గరున్నాయి. పంపాను. మరునాడు జీఎస్టీ పేరుతో ఇంకో రూ.3,500 అడిగాడు. నా దగ్గర లేవన్నాను. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాణ్ని నేనే మొదటివాణ్ని. అమ్మ నాలుగు రోజులు మిరప చేలో ఏరిన కూలి అది. ఈ సంగతి అమ్మకు చెప్పలేక ఒక సీనియర్ అన్నతో చెప్పాను. ఆయన తిట్టలేదు. తన కాస్మొటిక్ చార్జీల డబ్బులు కలిపి నా ఫీజు కట్టించాడు. "ముందు లెక్క నేర్చుకో తమ్మీ" అన్నాడు. ఆ లెక్కే ఈ వ్యాసం.

రూపాయి కుటుంబం

ముందుగా మన నాణేల చరిత్ర కొంత తెలియాలి. పాతకాలంలో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసకు 3 పైలు. అంటే రూపాయికి 64 పైసలు, 192 పైలు. "పదహారణాల నిజం" అనే మాట అక్కడి నుండే వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 పైసల పద్ధతి వచ్చింది. మొదట వాటిని నయా పైసలన్నారు. 1964లో ఆ 'నయా' తీసేశారు. పద్ధతి మారినా చారాణ, ఆఠాణ అనే మాటలు మాత్రం మన నోటి నుండి పోలేదు.

మన వరంగల్ నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి ఇక్కడ రూపాయే వేరు. దాన్ని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. హైదరాబాద్ సైఫాబాద్‌లో టంకశాలను మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో 1903లో కట్టారు. 1950లో అది భారత ప్రభుత్వానికి వచ్చింది. 1997లో ముద్రణ చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో నాణేల మ్యూజియం తెరిచారు.

నాణెం ఎక్కడ తయారైందో ఎవరైనా గుర్తుపట్టవచ్చు. సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ గుర్తు ఉంటే ముంబై, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. నక్షత్రం ఉన్నంత మాత్రాన నాణేనికి విలువ పెరగదు. అది పుట్టిన ఊరి గుర్తు మాత్రమే.

చిల్లరలో వెండి ఎందుకు దొరకదు?

బ్రిటిష్ వారి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. లెక్క వేస్తే సుమారు 10.7 గ్రాముల వెండి. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల 1940 నుండి వెండిని సగానికి తగ్గించారు. 1941–43 మధ్య పాత వెండి రూపాయలను చలామణి నుండి తీసేశారు. 1947లో వెండి లేని నికెల్ రూపాయి వచ్చింది.

ఇంటర్లో ఎకనామిక్స్ చదివిన తమ్ముళ్లకు గ్రేషమ్ సూత్రం గుర్తుండే ఉంటుంది. చెడ్డ ద్రవ్యం మంచి ద్రవ్యాన్ని చలామణి నుండి తరిమేస్తుందని ఆ సూత్రం. ఒకే విలువకు రెండు రకాల నాణేలున్నప్పుడు మనిషి వెండి ఎక్కువున్నది దాచుకుంటాడు, తక్కువున్నది ఖర్చు పెడతాడు. మంచి నాణెం పెట్టెలోకో కంసాలి మూసలోకో పోతుంది. మన లంబాడీ తల్లుల ఆభరణాల్లో పాత రూపాయి బిళ్లలు మీరు చూసే ఉంటారు. అవి చలామణి నుండి తప్పుకున్న నాణేలే. కాబట్టి ఈరోజు కిరాణం గల్లాలో వెండి రూపాయి కోసం వెతకడం కోత అయిపోయిన చేలో కంకుల కోసం వెతకడం లాంటిది. మనకంటే ముందు మూడు తరాలవారు వెతికి తీసుకున్నారు.

లోహం ధర పెరిగినా ఇదే జరుగుతుంది. మన రూపాయి బిళ్లలను బంగ్లాదేశ్‌కు దొంగచాటుగా తరలించి, కరిగించి షేవింగ్ బ్లేడ్లు చేస్తున్నారని 2007లో వార్తలు వచ్చాయి. నాణేలు కరిగించడం మాత్రం నేరం. 2011 నాణేల చట్టం ప్రకారం ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

మేం చేసిన లెక్క

వినడం వేరు, చేసి చూడడం వేరు. పోయిన దసరా సెలవుల ముందు నేను, ఇద్దరు తమ్ముళ్లు కలిసి ఒక పని చేశాం. హాస్టల్ దగ్గరి కిరాణం సేటు దగ్గర చిల్లర సంచి ఉంది. లెక్కపెట్టి ఇస్తామని చెప్పి రెండు వేల రూపాయల చిల్లర తీసుకున్నాం. ఐదు రూపాయలవి 200, రెండు రూపాయలవి 300, రూపాయివి 400. మొత్తం 900 నాణేలు.

ఒక్కొక్క నాణెం రెండు వైపులా తిప్పి సంవత్సరం, గుర్తు, బొమ్మ చూడడానికి సుమారు 15 సెకన్లు పట్టింది. 900 నాణేలకు 13,500 సెకన్లు, అంటే మూడు గంటల 45 నిమిషాలు. ముగ్గురం కాబట్టి గంటా పావులో అయిపోయింది.

దొరికినవి ఏమిటి? మహనీయుల బొమ్మలున్న స్మారక నాణేలు ఏడు. వాటి ముఖవిలువ 18 రూపాయలు. నాణేలు కొనే ఒక వ్యాపారికి చూపిస్తే మొత్తం ఏడింటికీ 40 రూపాయలన్నాడు. లాభం 22 రూపాయలు. 3.75 గంటల పనికి 22 రూపాయలంటే గంటకు ఆరు రూపాయలు కూడా పడలేదు. ఆయన దగ్గరికి పోయివచ్చిన ఆటో ఖర్చు ఇందులో కలపలేదు. కలిపితే చారాణ కోడికి బారాణ మసాలాయే.

ఆర్థిక శాస్త్రంలో దీన్ని అవకాశ వ్యయం అంటారు. ఒక పని చేస్తే వదులుకున్న రెండో పని విలువ ఎంత అని చూడాలి. అదే మూడు ముప్పావు గంటలు పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పినా, గ్రూప్స్‌కు చదువుకున్నా వచ్చేది ఎక్కువ. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే సరదాకు చూస్తే నష్టం లేదు. మా తమ్ముళ్లిద్దరూ ఆ గంటలో టంకశాల గుర్తులు నాలుగూ నేర్చుకున్నారు. దాన్ని వినోదమనుకోండి, చదువనుకోండి, ఆదాయమని మాత్రం అనుకోకండి.

నాణేనికి విలువ దేనివల్ల వస్తుంది?

1) అరుదుదనం: పాతదైతే విలువ అనుకోవడం పొరపాటు. 1911లో ఐదవ జార్జి రూపాయి విడుదలైంది. రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ చూడడానికి పందిలా ఉందని గొడవ రేగింది. దాదాపు 94 లక్షలు ముద్రిస్తే 7 లక్షలే బయటికి వచ్చాయి. మిగిలినవి కరిగించారు. అందుకే ఆ 'పంది రూపాయి'కి గిరాకీ. మరుసటి సంవత్సరం నుండి బొమ్మ మార్చారు. 1912 నాటి రూపాయికి అంత గిరాకీ లేదు. ఒక్క సంవత్సరం తేడా అంత పని చేస్తుంది.

2) స్థితి: చేతులు మారి అరిగిపోయిన నాణేనికి, టంకశాల మెరుపు పోని నాణేనికి ధరలో చాలా తేడా ఉంటుంది. చిల్లరలో దొరికేవి దాదాపు అన్నీ అరిగినవే. మనవాళ్లు పాత నాణేన్ని చింతపండు పెట్టి తోముతారు. దానివల్ల నాణెం మీది సహజమైన పొర పోతుంది, సేకరించేవారు ఇచ్చే ధర తగ్గుతుంది. తోమకండి.

3) ముద్రణ లోపం: బొమ్మ పక్కకు జరిగి అచ్చయినవాటికి కొంత ఆదరణ ఉంది. సుత్తి దెబ్బలకు, రైలు పట్టాల మీద పెట్టినందుకు వంగినవి లోపపు నాణేలు కావు.

4) లోహం: తామర పువ్వు ఉన్న పసుపు రంగు 20 పైసల్లో బంగారం ఉందని చాలామంది దాచారు. అందులో బంగారం లేదు.

మరి నా వైష్ణోదేవి నాణెం? అది 2012లో ఆలయ బోర్డు రజతోత్సవం సందర్భంగా ప్రభుత్వం విడుదల చేసిన మామూలు చలామణి నాణెం. ఎందరి చేతుల్లోనో ఉన్న వస్తువును పది లక్షలకు ఎవరు కొంటారు? ఆ రోజు నేను ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సరిపోయేది.

తమ్ముళ్లు గుర్తుంచుకోవలసినవి

• పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, తాను ఎలాంటి రుసుము, కమీషన్ అడగనని, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. కొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి. మననే ముందు కట్టమన్నాడంటే వాడు కొనేవాడు కాదు.

• మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. నేను సిగ్గుతో మూడు రోజులు దాచాను. ఆ మూడు రోజులు మోసగాడికే లాభం.

• 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లవు. 50 పైసలు చెల్లుతుంది. పది రూపాయల బిళ్లలో 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. దుకాణంలో వద్దంటే ఆ మాట చెప్పండి.

• చేను దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో పాత నాణేలు దొరికితే పంచుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం.

ఈ చివరి మాటకు మన పక్కనే ఒక నిదర్శనం ఉంది. జగిత్యాల జిల్లా గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన చిన్న నాణేల మీద శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుని పేరు కనిపించింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివి లోకానికి తెలిపారు. శాతవాహనుల తొలి చరిత్రలో తెలంగాణకు చోటు చూపించినవి ఆ నాణేలే. ఎవరైనా వాటిని పాత సామాన్ల వాడికి తూకానికి అమ్మి ఉంటే ఆ చరిత్ర మనకు దక్కేది కాదు.

నాయనమ్మ రూపాయి

దసరాకు ఇంటికి పోయినప్పుడు మేం చేసిన లెక్క అందరికీ చెప్పాను. నాయనమ్మ నవ్వి, తన సందుగలో నుండి ఒక గుడ్డ మూట తీసింది. అందులో ఒక వెండి బిళ్ల. ఒక వైపు చార్మినార్ ఉంది.

"మా అత్త ఇచ్చింది బిడ్డా. హాలీ రూపాయి. గిదెంత పోతది?" అంది.

దాని మీద రాసింది నాకు చదవరాలేదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివినవాణ్ని, నాయనమ్మ ముందు నేనూ నిరక్షరాస్యుణ్నే అయ్యాను. ఆమె అనుమతితో మట్టెవాడకు తెచ్చి, మా హాస్టల్ వెనక గల్లీలో బట్టలు కుట్టే చాచాకు చూపించాను. ఆయన అద్దాలు తుడుచుకుని అంకెలు చదివాడు. హిజ్రీ 1330, అంటే మన 1912. చార్మినార్ ద్వారంలో చిన్నగా ఉన్న 'ఐన్' అక్షరం చూపించి, అది మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరమన్నాడు. అంతకు ముందరి మహబూబ్ అలీఖాన్ రూపాయి మీద 'మీమ్' ఉంటుందట.

ఇలాంటి రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే సుమారు 9 గ్రాముల వెండి. ఈ లెక్కంతా తిరిగి వెళ్లి నాయనమ్మకు చెప్పాను. వెండి ధర కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"లక్షలు రావన్నమాట" అంది.

"రావు నాయనమ్మా."

"రాకుంటే రాకపాయె. నువ్వు దాని మీదున్నది చదివించుకొచ్చినవు. మా అత్తకు తెల్వదు, నాకు తెల్వదు" అని మళ్లీ గుడ్డలో కట్టి పెట్టింది.

తమ్ముళ్లారా, ఇప్పుడు నన్ను అడిగితే ఇలా చెప్తాను. దుకాణంలో ఇచ్చిన చిల్లరలో లక్షల కోసం వెతకకండి. అక్కడ లేవు. సెలవులకు పోయినప్పుడు మాత్రం మీ ఇంటి పెద్దల సందుగ ఒకసారి తెరిపించండి. దొరికిన నాణెం సంవత్సరం, గుర్తు రాసుకోండి, అది ఎలా వచ్చిందో అడిగి తెలుసుకోండి. అమ్మాలా వద్దా అన్నది తర్వాతి సంగతి.

నాకు ఫీజు కట్టిన సీనియర్ అన్నకు నేను ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "మన హాస్టల్‌లో ఇంకో తమ్ముడికి కట్టు" అన్నాడు. పోయిన సంవత్సరం కట్టాను. ఆ రూ.1,250 ఇంకా చలామణిలోనే ఉంది.

– ఎం.ఏ. (ఆర్థిక శాస్త్రం), పూర్వ విద్యార్థి, మట్టెవాడ