కవరు మీద పేరు మనది కాదు

హైదరాబాద్‌లో కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి మొదట వచ్చే ఉత్తరం చాలాసార్లు మన పేరు మీద ఉండదు. పాత కిరాయిదారు క్రెడిట్ కార్డు బాకీ, కట్టకుండా వదిలేసిన బైక్ లోను, బ్యాంకు తరఫు వకీలు పంపిన నోటీసు... ఏదో ఒకటి వస్తుంది. చూడగానే గుండె జారిపోయేవాళ్లు కొందరు, చించి చెత్తబుట్టలో వేసేవాళ్లు ఇంకొందరు. భయపడాల్సిన పని లేదు గాని, పారేయడం మాత్రం తప్పు. అప్పు ఇచ్చినవాడి రికార్డులో ఆ పేరు పక్కన మన ఇంటి నంబరు ఉన్నంతకాలం కవర్లు వస్తూనే ఉంటాయి, వాటి వెనకాల మనుషులూ వస్తారు.

ముందుగా కవరు విప్పకుండా బయట ఉన్నదంతా చదవండి. పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, పిన్‌కోడ్, పంపినవారి చిరునామా చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒక్క అక్షరంలో దాక్కుంటుంది కాబట్టి ‘కె. శ్రీనివాసరావు’ అంటే ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరుండొచ్చు. ‘సన్నాఫ్’ తర్వాత ఏముందో చూస్తే గాని అది మీదో కాదో తేలదు. డోర్ నంబరూ అంతే. ప్లాట్ నంబరు, ఫ్లాట్ నంబరు తారుమారై పక్క ఫేజ్‌కు వెళ్లాల్సింది మన గుమ్మంలో పడటం కొత్తేమీ కాదు. అలాంటిదైతే పోస్ట్‌మ్యాన్‌కు చెబితే సరిపోతుంది. నిజంగా మన చిరునామాకే, మనది కాని పేరుతో వచ్చిందంటే అసలు పని మొదలైనట్టు.

సంతకం చేయకండి. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకూ, పనిమనిషికీ, కింద వాచ్‌మన్‌కూ చెప్పి ఉంచాలి. సరైన చిరునామా రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మీరు సంతకం చేస్తే ఆ అప్పు మీ నెత్తిన పడదు. కానీ అసలు మనిషికి నోటీసు అందిందని కోర్టులో చూపించడానికి ఆ సంతకం పనికొస్తుంది, చిరునామా సరైనదేనని బ్యాంకుకు ధీమా కలుగుతుంది. చెక్ బౌన్స్ నోటీసైతే అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు నడుస్తుంది. ఎవరో తెలియని మనిషి గడువును మనం మొదలుపెట్టినట్టవుతుంది.

అందుకే పోస్ట్‌మ్యాన్ చేతే ‘అడ్రసీ లెఫ్ట్’ అనో, ‘ఈ పేరు గలవారు ఇక్కడ లేరు’ అనో రాయించి వెనక్కి పంపించండి. ‘రెఫ్యూజ్డ్’ అని మాత్రం రాయనివ్వకండి. ఆ మనిషి ఇంట్లోనే ఉండి తీసుకోలేదని దానికి అర్థం. వెనక్కి పంపేముందు కవరుకు రెండువైపులా ఫోటో తీసుకోండి. స్పీడ్ పోస్టు మీద ఉండే 13 అక్షరాల బార్‌కోడ్ నంబరు ఫోటోలో స్పష్టంగా పడాలి. కవరు విప్పకుండానే బ్యాంకుకు ఫలానా ఉత్తరం అని చెప్పడానికి మన దగ్గరుండే ఆధారం అదే. డబ్బాలో పడిపోయిన మామూలు ఉత్తరాన్ని కూడా విప్పకుండా, పైన అదే మాట రాసి, పోస్టాఫీసులో ఇచ్చేయండి.

ఇప్పుడు మన ఉత్తరం రాయాలి. దాన్ని దగ్గరి బ్రాంచికో, రికవరీ ఏజెన్సీకో పంపితే ఫలితం ఉండదు. ఏజెన్సీలు మారుతుంటాయి, పాత జాబితా కొత్తవాళ్ల చేతికి అలాగే వెళుతుంది. ఒక్కోసారి బ్యాంకు ఆ బాకీని అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి అమ్మేస్తుంది, అప్పుడు కవరు మీద ఎన్నడూ వినని పేరు కనిపిస్తుంది. కాబట్టి అప్పు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఆ సంస్థ వెబ్‌సైట్లో గ్రీవెన్స్ లేదా నోడల్ అధికారి చిరునామా వెతికి, స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపండి. విషయం నాలుగు ముక్కల్లో తేలిపోవాలి:

“మీ సంస్థ నుంచి ఫలానా పేరు మీద ఈ చిరునామాకు ఉత్తరాలు వస్తున్నాయి (ఆర్టికల్ నంబరు ఇది, తేదీ ఇది). ఆ వ్యక్తి ఇక్కడ ఉండటం లేదు. ఆయనతో నాకు బంధుత్వం లేదు, ఆయన అప్పుకు నేను జామీను ఇవ్వలేదు. ఫలానా నెల నుంచి ఈ ఇంట్లో నేను అద్దెకు ఉంటున్నాను. ఈ చిరునామాను మీ రికార్డులోంచి తొలగించి, తొలగించినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి.”

అందులో జామీను మాట ఉండి తీరాలి, అదీ నిజమైతేనే. ఎప్పుడో స్నేహం కొద్దీ ఆ మనిషికి హామీ సంతకం పెట్టి ఉంటే ఈ వ్యాసం మీకు పనికిరాదు. కాంట్రాక్ట్ చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే బాధ్యత. ఇక ఉత్తరానికి జతగా అద్దె ఒప్పందం మొదటి పేజీ చాలు, అద్దె మొత్తం కనబడకుండా కొట్టేయండి. ఆధార్, పాన్ కాపీలు పంపకండి. బాకీ జాబితా నుంచి బయటపడాలని రాస్తూ మన పాన్ నంబరు వాళ్ల ఫైల్లో పెట్టడం ఏం తెలివి?

ఉత్తరం ఫలించేలోపు మనుషులు రావచ్చు. వచ్చినవాళ్లను గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. అవి వెంట ఉంచుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే చెప్పింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, బాకీదారు కుటుంబ సభ్యుల, స్నేహితుల వ్యక్తిగత జీవితంలోకి చొరబడకూడదని 2022 ఆగస్టులో మరోసారి స్పష్టం చేసింది. ఏ సంబంధమూ లేని మనకు ఆ మర్యాద ఇంకా ఎక్కువే దక్కాలి. గుమ్మంలోనే నిలబడి మాట్లాడండి, పేర్లు రాసుకోండి, బ్యాంకుకు రాసిన ఉత్తరం కాపీ చూపించండి. పాత కిరాయిదారు ఫోన్ నంబరు మీ దగ్గరున్నా ఇవ్వకండి, ఓనర్ దగ్గరికీ పంపకండి. అరుపులూ బెదిరింపులూ మొదలైతే 112కు ఫోన్ చేయండి. బెదిరింపు భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు గాని, ఆ ఏర్పాటు కస్టమర్ల కోసం పుట్టింది కాబట్టి ఆశంతా దాని మీదే పెట్టుకోకండి.

కోర్టు నుంచి సమన్లు పట్టుకుని వచ్చే ఉద్యోగితో తీరు వేరు. ఆయన మీద విసుక్కుంటే మనకే నష్టం. మనిషి దొరకలేదని ఆయన తలుపుకు ప్రతి అంటించి వెళ్లే వీలు చట్టంలో ఉంది. ఫలానా వ్యక్తి ఇక్కడ ఉండటం లేదని, ఇప్పుడు ఉంటున్నది మనమని ఆయన నివేదికలో రాయించి, కేసు నంబరు అడిగి రాసుకోండి. ఆ నంబరుతో ఈ-కోర్టుల సైట్‌లో కేసు ఏమిటో చూసుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది మనిషి మీద ఉన్న బాకీ గురించి. ఇంటి మీద ఉన్న బాకీ వేరే సంగతి, నిజంగా కంగారు పడాల్సింది అక్కడే. కవరు మీద పేరు మీకు ఫ్లాటు అమ్మినవారిదో, ప్రస్తుత ఓనర్‌దో అయితే వెనక్కి పంపేసి ఊరుకోకండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ గడువు దాటితే స్వాధీన నోటీసును తలుపుకు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటిస్తుంది. తెలుగు దినపత్రికల్లో సన్న అక్షరాలతో కనిపించే ఆ ప్రకటనలు ఇవే. కొన్నవారు వెంటనే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ఆస్తి తాకట్టులో ఉందేమో చూడాలి, తాకట్టు వివరాలు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలోనూ వెతకాలి. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోపు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు అవి హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. 2016 సవరణ తర్వాత అద్దెదారు మొర కూడా ట్రిబ్యునల్ వింటుంది, కాకపోతే అద్దె ఒప్పందం తాకట్టు కంటే ముందుదా తర్వాతిదా అన్నది కీలకం. ఇక్కడ వకీలు లేకుండా అడుగు వేయకండి. కరెంటు బాకీ కూడా ఈ కోవలోదే. నిబంధనల్లో అలా ఉంటే పాత యజమాని బకాయిని కొత్త యజమాని నుంచి వసూలు చేయొచ్చని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

అన్నీ అయ్యాక ఒకసారి మీ సొంత క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ ఏడాదికొకసారి ఉచితంగా ఇస్తాయి. మన ఇంటి నంబరు మీద ఎవరో అప్పు చేసినంత మాత్రాన మన స్కోరు తగ్గదు. ఒకవేళ మనది కాని లోను అందులో కనిపిస్తే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

మీరు ఇల్లు ఖాళీ చేసే రోజున, గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నట్టే బ్యాంకులో, కార్డు కంపెనీలో చిరునామా కూడా మార్పించుకోండి. మీ తర్వాత దిగేవారికి ఈ పనంతా తప్పుతుంది.